బంకుకు అడ్డం కాదు, రోడ్డు చూడకుండా పెట్టే సంతకానికి అడ్డం



ఊరి రోడ్డు మీద కొత్త పెట్రోలు బంకు వస్తున్నదంటే మనలో చాలామందికి సంతోషమే. కోతలప్పుడు డీజిల్ క్యాన్లు పట్టుకొని టౌను దాకా పోయే బాధ తప్పుతుంది. నాకూ ట్రాక్టర్ ఉంది, నాకూ డీజిల్ కావాలి. కాబట్టి ఈ మాటలు బంకుల మీద కోపంతో రాస్తున్నవి కావు. బంకు ఎక్కడ పడాలో తేల్చే పద్ధతి మీద రాస్తున్నవి.

మా పొలాల బండ్ల బాట మెయిన్ రోడ్డును కలిసే చోట కొన్నేళ్ల కింద ఒక బంకు పడ్డది. సాయంత్రం లారీలు వరుస కడితే బాట మీదుగా వచ్చేవాడికి రోడ్డే కనబడదు. వరి కోతల కాలంలో మా తమ్ముడి కొడుకు వడ్ల ట్రాలీతో రోడ్డు ఎక్కుతుంటే లారీ చాటు నుంచి వచ్చిన కారు గుద్దింది. పిల్లవాడి కాలు విరిగింది. ఆ పంట పైసలన్నీ దవాఖానకే పోయినయి. తర్వాత సమాచార హక్కు కింద ఫైలు తీసుకొని చూశాం. రాకపోకలకు ఇబ్బంది లేదని ఒక్క ముక్క రాసి ఉంది. స్థలం చూసింది ఆగస్టులో. నాట్లు పడి, రోడ్డు మీద ఒక్క వడ్ల బండి కూడా లేని కాలం. అప్పుడు వచ్చి చూస్తే ఇబ్బంది ఎవరికి కనబడుతుంది?

నిబంధనలు లేక కాదు. పెట్రోలియం నిబంధనలు 2002 ప్రకారం బంకుకు ఎన్ఓసీ ఇవ్వాలో వద్దో జిల్లా అధికారి మూడు నెలల్లో విచారించి తేల్చాలి. జాతీయ రహదారి మీద బంకుకు దారి ఇవ్వడానికి కేంద్ర రహదారుల శాఖ 2020 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. లోపలికి పోయే దారి, బయటికి వచ్చే దారి వేర్వేరుగా ఉండాలి. బండి వేగం తగ్గించుకోవడానికి, మళ్లీ అందుకోవడానికి పక్క లేన్లు వేయాలి. కూడళ్లకు దూరం పాటించాలి. రోడ్డు పక్క కాలువ పూడ్చకుండా కల్వర్టు కట్టాలి. నివాస ప్రాంతాలకు, బడులకు, పది మంచాలు గానీ అంతకు మించి గానీ ఉన్న దవాఖానలకు 50 మీటర్ల దూరం ఉండాలని, ఎట్టి పరిస్థితిలోనూ 30 మీటర్లకు తగ్గొద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో చెప్పింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. టేపు పట్టుకొని రోడ్డు మీద నిలబడేవాడే లేడు.

ఊరినైతే ఎవరూ అడగరు. కామారెడ్డి మాస్టర్ ప్లాన్ సంగతి గుర్తు చేసుకోండి. 2022 నవంబరులో ముసాయిదా వచ్చింది. పచ్చని పొలాల మీద పరిశ్రమల జోన్, పెద్ద రోడ్ల గీతలు గీశారు. అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, లింగాపూర్, టేక్రియాల్, రామేశ్వర్‌పల్లి రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరి మొదటి వారంలో అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. మరునాడు వేలమంది కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. ఒక మనిషి పోయేదాకా మన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

అయినా మాస్టర్ ప్లాన్‌కు కనీసం ముసాయిదా ఉంది, అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఉంది. అందుకే దాన్ని ఆపగలిగాం. బంకు ఫైలుకు మా దిక్కు ఆ గడువు కూడా నేను చూడలేదు. జేసీబీ వచ్చి గట్టు తీసేదాకా పక్క పొలం రైతుకు సంగతి తెలియదు. అడిగితే పర్మిషన్ వచ్చిందంటారు. గట్టిగా మాట్లాడితే అభివృద్ధికి అడ్డమంటారు.

జాగా లీజుకిచ్చే వాడూ రైతే కదా, అతని పొట్ట కొడతారా అని కొందరు అడుగుతున్నారు. సరైన ప్రశ్నే. బంకు వద్దని మనం అనడం లేదు. బాట మొగనుంచి జరిపి కట్టమంటున్నాం, లేన్లు వేయమంటున్నాం, కాలువ పూడ్చొద్దంటున్నాం. అతని లీజు పైసలు అతనికి రావాలి, మన పిల్లలు ఇంటికి రావాలి. రెండూ కుదిరే పనులే.

44వ నంబర్ రహదారి పక్కన చూడండి, మెదక్ నుంచి ఎల్లారెడ్డి మీదుగా పోయే 765డి మీద చూడండి. కోతల కాలంలో రోడ్డు సగం కల్లమే. ఒకవైపు వడ్ల కుప్పలు, ఇంకోవైపు మక్కలు. చెరుకు ట్రాక్టర్లు, కోత మిషన్లు, కొనుగోలు కేంద్రం లారీలు ఆ మిగిలిన సగంలోనే పోవాలి. రోడ్డు మీద ఆరబోయడం తప్పని మనకూ తెలుసు. కల్లాలు కట్టివ్వని ప్రభుత్వానికి కూడా ఆ తప్పులో పాలుంది. ట్రాఫిక్ లెక్క తీసేవాడు ఈ బండ్లన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలి.

అందుకే సంఘం తరఫున అడుగుతున్నాం. బంకు దరఖాస్తు వచ్చిన వారంలో ఆ సంగతి గ్రామ పంచాయతీ బోర్డు మీద అంటించాలి. ట్రాఫిక్ పరిశీలన కోతల కాలంలో, పగలూ రాత్రీ చేయాలి. పక్క పొలాల రైతులను ఆ స్థలంలోనే నిలబెట్టి అడగాలి. ఆ నివేదిక గ్రామసభలో చదివి వినిపించాలి. ఇదివరకే పడ్డ బంకులను కూడా తిరిగి కొలవాలి.

వాళ్లు లెక్క తీసేదాకా మనం ఆగనక్కర లేదు. వచ్చే కోతలప్పుడు ఇద్దరు పిలగాళ్లను సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా బాట మొగన కూర్చోబెట్టండి. ఎన్ని ట్రాక్టర్లు, ఎన్ని లారీలు, ఎన్ని బైకులు పోయినయో నోటుబుక్కులో గీతలు పెట్టమనండి. తేదీ వేసి, పది మంది సంతకాలు చేసి ఆ కాగితాన్ని అర్జీకి జతపరచండి. ఒకటి కలెక్టర్‌కు, ఒకటి ఆర్అండ్‌బీకి ఇచ్చి, రసీదు తీసుకోకుండా ఆఫీసు గడప దాటకండి. ఇబ్బంది లేదని రేపు ఎవరైనా రాయాలంటే ముందు మన గీతలకు జవాబు చెప్పాల్సి ఉంటుంది.