సంచిలో బియ్యం, చీటీలో పండ్లు

షుగర్ జబ్బు బంగళాల జబ్బనే మాట పాతబడ్డది. 2023లో బయటికొచ్చిన దేశవ్యాప్త సర్వే ప్రకారం 10 కోట్లకు పైగా మందికి షుగరుంది. నాట్లేసే అక్కకుంది, చెప్పులు కుట్టే తాతకుంది.

దవాఖానకు పోతే ఒకటే మాట: "అన్నం తగ్గించు, కూరగాయలు, పండ్లు తిను." మాట తప్పు కాదు. కానీ తినలేకపోతే "మీవాళ్లకు నోటి మీద అదుపు లేదు" అంటరే, అక్కడ్నే మన పంచాయితీ. అదుపు లేనిది మన నోటికా, సంతలో ధరకా?

లెక్క చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో అందరి కోసం చెప్పిన లెక్క: మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు. నలుగురున్న ఇంటికి రోజుకు 2 కిలోలు, వారానికి 14 కిలోలు. సంత వారానికొక్కసారి. ఫ్రిజ్ లేని ఇంట్ల ఆకుకూర మర్నాటికే వాడిపోతది. ఆ తర్వాత పచ్చిపులుసు, తొక్కే దిక్కు. ఉన్న పిడికెడు కూర మొగాయనకు, పిల్లలకు పోను, షుగరున్న తల్లికి మిగిలేది అడుగు చారు.

సర్కారు ఇచ్చేదేంది? 2013 ఆహార భద్రతా చట్టం మామూలు కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఇమ్మన్నది. ఆకలి తీర్చిన ఆ హక్కును వదులుకునేది లేదు. కానీ సంచిలో బియ్యం పోసి, చీటీ మీద పండ్లు రాస్తే జబ్బు తగ్గుతదా?

మన తాతమ్మలు కొనకుండానే కూర తిన్నరు. తుమ్మికూర, గునుగు, పొన్నగంటి, గలిజేరు చేలల్లో దొరికేవి. ఇప్పుడు కలుపు మందు కొట్టి వాటినీ చంపుతున్నరు. గట్టు మీద ఏరుదామంటే గట్టు మనది కాదు. 2011 జనాభా లెక్కల్లో దళితులం నూటికి 16 మందికి పైనే. 2015-16 వ్యవసాయ గణనలో మన సాగులో ఉన్న భూమి నూటికి 9 ఎకరాల లోపే. పెరడు లేనోడికి బీరపాదు ఎక్కడ పాకాలె? జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు జొన్న, కొర్ర, పప్పుధాన్యాలు కలిపి పండించి, వాటి మధ్య మొలిచే కూరలను కాపాడుకున్నయి. నేల చేతిలో ఉంటేనే కూర చేతిలో ఉంటది.

ఇంకో అడ్డం, భయం. "షుగరుంటే పండు ముట్టొద్దు" అని వాడంతా ప్రచారం. అది నిజం కాదు. జామకాయ, నేరేడు, బొప్పాయి మితంగా, పండు పండుగానే తినొచ్చు. రసం తీసి తాగితే షుగర్ జల్దీ పెరుగుతది. పండు తింటున్నమని గోళీలు, సూది మానొద్దు. కిడ్నీ జబ్బు కూడా ఉన్నోళ్లు ఏ పండు, ఏ కూర తినాల్నో డాక్టరును అడగాలె.

కార్యకర్తలారా! వాడకొచ్చి ఉపన్యాసం చెప్పి పోవుడు చాలదు. ఇంటింటికి తిరిగి అడగండి: సంత ఎంత దూరం? కూర ఎవరు తింటున్నరు? పెరడు ఉన్నదా? ఆ జవాబులతో గ్రామసభకు పోదాం. రేషన్‌లో జొన్నలు, రాగులు, పప్పు కావాలె. ఇండ్ల జాగతో పాటు పెరడు జాగ, నీళ్లు కావాలె. ఊరి ఉమ్మడి భూమిలో జామ, నేరేడు, మునగ చెట్లు పెట్టాలె, కాయ మీద వాడకు హక్కుండాలె.

తిను అని చెప్పేటోళ్లను, తినే దారి కూడా చూపమని అడుగుదాం!