ఎవరి యాచారము వారిదేనా?

భద్రాచలము త్రోవలో కోయగూడెములు కనబడగానే మన చదువుకొన్న గృహస్థుల నోట రెండు మాటలలో నొకటి వెలువడును. "వీరికి నాగరికత యెన్నటికి వచ్చునో!" యనునది మొదటిది. "ఎవరి యాచారము వారిది, తీర్పు చెప్ప మనమెవరము?" అనునది రెండవది. మొదటిదానిని బాహాటముగా ననుటకు నేడు చాలమంది సిగ్గుపడుచున్నారు. రెండవది ఔదార్యపు ముసుగు వేసికొని వచ్చుచున్నది గనుక దానితోనే మా వాదము.

దుమ్ముగూడెమున నివసించిన మతబోధకుడు జాన్ కెయిన్ పందొమ్మిదవ శతాబ్దమున కోయల వివాహములను గూర్చి వ్రాసెను. థర్‌స్టన్ దొర 1909లో ప్రకటించిన గ్రంథమున వానిని చేర్చెను. కలిగినవాడు పెద్దలతో మాటాడి పిల్లను తెచ్చుకొనునట. లేనివాని తరఫువారు పిల్ల యూరి పెద్దకు కొన్ని రూపాయలును సారాయియు ముట్టజెప్పి, నీళ్లకో కట్టెలకో వెలుపలికి వచ్చిన పిల్లను పట్టుకొని పోవుదురట. ముందుగానే పిల్ల యిష్టము తెలిసికొని యాడిన వేడుక యైనచో మాకు ఆక్షేపణ లేదు. కాని యేడ్చుచు పోయిన పిల్ల మాటయేమి?

"వారి యాచారము" అన్నప్పుడు 'వారు' అనగా నెవరు? రూపాయలు పుచ్చుకొన్న పెద్దయా, బిందె పడవేసి పెనుగులాడిన పిల్లయా? ఆమెయు కోయ యాడపడుచే. తీర్పు చెప్పననువాడు నిజముగా తీర్పు చెప్పుచునే యున్నాడు. పెద్దను గెలిపించి, పిల్లను ఓడించి, చేతులు దులుపుకొనుచున్నాడు.

ఈ వాదము మనకు క్రొత్తది కాదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, ఆచారము చెడినదనియే కదా పెద్దలు కేకలు వేసిరి! పంతులుగారు ఆ పెద్దల మాట వినలేదు. వంటయింటి మూల కూర్చున్న బాలవితంతువు మొఱ వినిరి. ఆ న్యాయము గోదావరి వెంట ఎగువకు పోగానే చెల్లకుండునా?

"అట్లయిన మనము పోయి వారిని ఉద్ధరింపవలెనా?" యని యడుగుదురేమో. తొందరవలదు. కొలత యొక్కటే యైనప్పుడు అది మనలను గూడ కొలుచును. భర్త పోయిన కోయ స్త్రీ మరల పెండ్లాడవచ్చును. కాపురము పొసగనిచో కులపెద్దల యెదుట విడిపోవచ్చును. మన యిండ్లలో నీ రెంటికిని 1856, 1955 సంవత్సరముల చట్టములు కావలసివచ్చెను. అచ్చట వరునివారు ఓలి యిచ్చి పిల్ల నడుగుట వాడుక. మనమో, 1961లో కట్నమును నిషేధించుకొనియు నేటికిని లెక్కపెట్టి పుచ్చుకొనుచున్నాము. కోయ యువతి యొకతె మన పెండ్లిపందిరి చూచి, "ఎవరి యాచారము వారిది" యని మౌనము వహించిన, కట్నపు బాధ పడు మన యాడపడుచునకు మేలు కలుగునా?

కావున చదువరులారా, ఏ యాచారమునైనను దాని బరువు మోయువారి నోట వినుడు. ఆ కొలతను మొదట మీ గడపయొద్దనే పెట్టి చూడుడు. ఆశ్రమ పాఠశాలలలో చదివి నేడు ఉపాధ్యాయినులైన కోయ స్త్రీలు కలరు. తమ యాచారములలో నేది నిలుపవలెనో, ఏది విడువవలెనో వారు నిర్ణయించుకొందురు. వారిలో నొకతె "ఇది మాకు వలదు" అన్ననాడు, "అయ్యో, మీ సంస్కృతి చెడునే" యని మనము అడ్డుపడకుండుటయే నిజమైన మర్యాద.