ఉక్కు కాదు, కన్ను

2022లో మొదలైన ఉక్రెయిన్ యుద్ధంలో కోట్ల ఖరీదు చేసే ట్యాంకులను చౌక డ్రోన్లు బూడిద చేశాయి. మన చేలల్లో మందు చల్లే యంత్రానికి దగ్గర చుట్టాలే అవి! ఇకముందు యుద్ధ వాహనానికి ఉక్కు మందం ఒక్కటే చాలదు. శత్రువును ముందుగా పసిగట్టే కన్ను కావాలి. ఆ విద్య మన ప్రాంతానికి కొత్త కాదు. 1926లో బందరులో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో బి.ఇ.ఎల్.లో కలిసింది. చీకట్లో చూసే పరికరాలు అక్కడినుంచి సైన్యానికి వెళ్తున్నాయి.

నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతో పల్లె పిల్లలు చేరుతున్నారు. మామిడి ధర పడిపోయిన ఏడు కొడుకు జీతమో కూతురు జీతమో ఇంటికి ఆధారం. వారంతా బెంగళూరు బస్సెక్కవలసిందేనా? 2022లో జిల్లాలు విడిపోయినంత మాత్రాన బందరు దూరమైపోలేదు. ఏటా కొందరికైనా అక్కడ పని నేర్పే ఏర్పాటును ఇరు జిల్లాల అధికారులూ చూడాలి.