వార్డుకు హద్దుంది, ఏరియాకు లేదు

తెలంగాణ పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

2007లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. వార్డుల విభజన జరిగినప్పుడల్లా ముసాయిదా, అభ్యంతరాలు, తుది నోటిఫికేషన్ ఉంటాయి. కానీ జనం చెప్పుకునేది వార్డు నంబరు కాదు, ఏరియా పేరు. మాదాపూర్ ఎక్కడ ఆగి కొండాపూర్ ఎక్కడ మొదలవుతుందంటే రెవెన్యూ నక్షాది ఒక లెక్క, పిన్‌కోడ్‌ది మరో లెక్క, పోలీస్ స్టేషన్ పరిధిది ఇంకో లెక్క. ఈ సందులోనే ఫ్లాట్ల ప్రకటనలు ఖరీదైన పేరును పక్క ఊరి పొలిమేర దాకా సాగదీస్తాయి. అంబులెన్స్ డ్రైవరేమో దారి కోసం ఫోన్లు చేస్తూ తిరగాలి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1966 నాటి చట్టం కింద భౌగోళిక నామాల బోర్డు పనిచేస్తోంది. ఏరియా (సబర్బ్) పేరు గానీ హద్దు గానీ మార్చాలంటే ప్రతిపాదనను బహిరంగంగా ప్రకటించి, ప్రజల మాట విని, ఆపైనే గెజిట్‌లో వేస్తారు.

మన దగ్గరా అదే పద్ధతి పెట్టండి. సర్వే నంబర్ల ఆధారంగా ఏరియాల ముసాయిదా పటం విడుదల చేయండి. పాత ఊరి పేర్లకు మొదటి హక్కు ఇవ్వండి. కనీసం నెల రోజులు అభ్యంతరాలు స్వీకరించండి. ఖరారైన పటాన్నే రిజిస్ట్రేషన్, పోలీసు శాఖలు పాటించేలా ఉత్తర్వు ఇప్పించండి. తపాలా శాఖతోనూ మాట్లాడండి.

ఇట్లు,
ఆస్తి పన్ను కట్టే ఒక నగరవాసి