గోధుమ విత్తునకు రెండు పరీక్షలు

గోధుమ వంగడము యొక్క గుణమును నిర్ణయించువారు మొదట నడుగునది ఎకరమునకు దిగుబడి యెంత యని. ప్రశ్న సరియైనదే. కాని యా యెకరము కాలువక్రింద నున్నదో, వానను నమ్ముకొని యున్నదో తెలియనిచో జవాబునకు విలువ లేదు. ఒక పక్షపు సాక్ష్యమును మాత్రము విని తీర్పు చెప్పుట న్యాయస్థానమున చెల్లదు, పొలమునను చెల్లదు.

1966లో మెక్సికోనుండి 18,000 టన్నుల విత్తనము తెప్పించిరి. ఆ పొట్టిరకములును, వానివలన నిచ్చట రూపొందిన కల్యాణసోనా, సోనాలికలును దేశమునకు చేసిన మేలు మఱువరానిది. కాని యా పైరులకు నీరును ఎరువును సమృద్ధిగా గావలయును. వానికి పొట్టితనమిచ్చిన జపానుదేశపు నోరిన్ 10 లక్షణమే మొలకను గప్పియుండు తొడుగునుగూడ కుఱుచ చేయును. పైపదును ఆరిన నేలలో విత్తనమును లోతుగా వేసినచో మొలక పైకి వచ్చుట కష్టము.

1965లో విడుదలయైన సి-306 పొడుగు రకము. ఎరువు, నీరు హెచ్చినచో పడిపోవును. కాలువక్రింద పొట్టిరకములతో తులతూగజాలదు. అయినను వర్షాధారపు రైతు దశాబ్దములపాటు దానిని విడువలేదు. శాస్త్రజ్ఞులు నేటికిని బెట్టపరీక్షలలో దానిని కొలబద్దగా నుంచుకొనుచున్నారు.

బెట్టకు ఓర్చిన ప్రతి పైరును గింజ నిచ్చునని గాదు. ఆకు తన రంధ్రములను మూసికొన్నచో నీరు మిగులును. కాని బొగ్గుపులుసు వాయువు లోనికి రాదు గనుక ఆహారము తయారు కాదు. పైరు బ్రదుకును, గింజ తాలగును. ఈ చిక్కు విడదీయరానిది కాదు. త్రాగిన నీటికి హెచ్చు ఫలమిచ్చు మొక్కలను, వాని యాకులలోని కర్బనమును పరీక్షించి యేరి, ఆస్ట్రేలియావారు 2002లో డ్రైస్‌డేల్ అను రకమును విడుదల చేసిరి.

మన గోధుమచేలలో నూటికి తొంబదికి పైగా తడి పాఱునవియే గదా, మెట్టనుగూర్చి చింత యేల యని కొంద రడుగవచ్చును. పంజాబు, హర్యానాలలో భూగర్భజలము నానాటికి దిగుచున్నది. 2022 మార్చినెల వేడికి గింజలు ముడుచుకొనిపోగా, మే 13వ తేదీన ప్రభుత్వము ఎగుమతుల నాపవలసివచ్చినది. నేడు నీరున్న చేను రేపు మెట్ట కాదని చెప్పగలవా రెవరు?

వర్షాధారమునకును, కొద్దిపాటి తడులకును వేఱువేఱుగా పరీక్షలు ప్రభుత్వక్షేత్రములలో జరుగుచున్నవి. ఆ యంకెలు నివేదికలలో నుండినంత చాలదు. తడిలో నెంత, బెట్టలో నెంత యను రెండు దిగుబడులను ప్రతి విత్తనపు సంచిపై రైతు చదువగల భాషలో అచ్చువేయవలయునని మేము కోరుచున్నాము. ఇందులకు క్రొత్త పరిశోధన యక్కఱలేదు; ఒక యుత్తరువు చాలును. కాలువనీటిలో నెగ్గిన విత్తును మెట్టరైతునకు అంటగట్టి, పంట పోయిన పిమ్మట వానదేవుని నిందించుట ధర్మము కాదు.