తోలు కాని పొది

పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడొకడు తాళంచెవి లేకుండా తాళాలు తెరవడం నేర్చుకొంటున్నాడంటే మిత్రులు నవ్వుతారని ఇన్నాళ్ళూ ఈ సంగతి ఇక్కడ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తక తప్పడం లేదు. అయితే నేను వాదించదలచుకొన్నది తాళాల గురించి కాదు, వాటిని తెరిచే పుల్లలను దాచుకొనే సంచి గురించి.

ఇది చోరవిద్య కదా అనేవారికి ముందుగా ఒక్క మాట. లండనులో పికడిల్లీ వీథిలోని బ్రామా వారి దుకాణం కిటికీలో 1790 నుండి ఒక తాళం ఉండేది. దానిని తెరిచినవారికి 200 గినీలు ఇస్తామని సవాలు. 1851లో మహాప్రదర్శన జరిగిన రోజులలో హాబ్స్ అనే అమెరికా దేశస్థుడు 16 రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు శ్రమించి దానిని తెరిచాడు. అది దొంగతనం కాలేదు, శాస్త్రం అయినది. 1997లో జర్మనీలోని హాంబర్గులో ఈ వినోదానికి ఒక సంఘమే ఏర్పడింది. ఈ సరదా ఉన్నవారు సాధారణంగా పాటించే నియమాలు రెండు: తనది కాని తాళాన్ని ముట్టరాదు, వాడుకలో ఉన్న తాళాన్నీ ముట్టరాదు. నేను సంతలో పాత అలీగఢ్ తాళాలు కొనుక్కొని బల్లమీద పెట్టుకొని కుస్తీ పడతాను. పడుగూ పేకా ఎరుగనివాడు మగ్గం ముందు కూర్చున్నట్లే ఉంటుంది గాని, గణవిభజన కుదిరినప్పటి ఆనందం లోపలి సూది తన చోటికి లేచి 'టక్' మన్నప్పుడూ కలుగుతుంది.

ఆ మాటకు వస్తే మన పూర్వకవులు ఈ పనిముట్ల గురించి ఏమీ సిగ్గుపడలేదు. దండి దశకుమారచరితంలో అపహారవర్మ రాత్రివేళ బయలుదేరుతూ వెంట తీసికొన్న సామగ్రికి పెద్ద జాబితాయే ఉన్నది: పాముపడగ మొగమున్న గునపం, పట్టకారు, మనిషి తలను పోలిన బొమ్మ, కొలతత్రాడు, తుమ్మెదల బరిణె ఇత్యాదులు. తుమ్మెదలకు బరిణె ఉన్నదని చెప్పిన మహానుభావుడు మిగిలినవన్నీ దేనిలో పెట్టుకొన్నాడో చెప్పలేదు. నా చిక్కు అంతా అక్కడే.

మా అబ్బాయి విదేశం నుండి వస్తూ తెచ్చిన పుల్లలు నల్లటి తోలుసంచిలో వచ్చాయి. పదునాలుగు పుల్లలు. కొన్ని కొక్కెపు మొనవి, కొన్ని రంపపు పళ్ళవి, మిగిలినవి తాళం గుండును మెల్లగా త్రిప్పి పట్టడానికి వంచిన ఉక్కు బద్దలు. సంచి చూడముచ్చటగానే ఉన్నది. అయితే గోదావరి ఒడ్డున వానాకాలమంతా డబ్బాలోని అప్పడాలు సైతం మెత్తబడే చెమ్మ. శ్రావణం వెళ్ళేసరికి పుల్లలమీద నీలినలుపు మచ్చలు కనిపించాయి. తుప్పయితే ఎఱ్ఱగా ఉండాలి గదా, ఈ నలుపేమిటని రెండు రోజులు ఆలోచించాను. తరువాత నవ్వు వచ్చింది. అది సిరా!

తోలును పదును చేయడానికి మన దేశంలో అనాదిగా వాడినవి తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ. వీటన్నిటి ప్రాణం వగరులో ఉన్నది. టానిన్ అనేది ఆ వగరునే. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే నల్లసిరా అవుతుంది. అన్నభేది ఇనుము లవణమే గదా. తోలులో మిగిలిన వగరు, గాలిలోని చెమ్మ, పుల్లలోని ఇనుము మూడూ నా బీరువాలో కలుసుకొని, నేను అడగకుండానే సిరా తయారుచేశాయి. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలులో ఈ వగరు తక్కువే గాని, ఆమ్ల లవణాల శేషమూ, చెమ్మను పట్టి ఉంచే గుణమూ దానికీ ఉన్నాయి. ఒక పూట జేబులో వేసుకొని వెళ్ళడానికి తోలుసంచితో బాధ లేదు. నెలల తరబడి నిలువ ఉంచడానికే పనికిరాదు. కత్తులను తోలు ఒరలలో నిలువ ఉంచవద్దని కత్తులు సేకరించేవారు చెప్పేదీ ఇందుకే.

సరే, తోలు కానిది వెదకాలి. మొదట రెక్సిన్ సంచి చూశాను. తోలు వేషం వేసుకొన్న ప్లాస్టిక్ పూత అది. మా ఊరి వేడికి కొన్నాళ్ళకు జిగురెక్కుతుంది, లేదా పొరలు పొరలుగా ఊడుతుంది. పిల్లల జామెట్రీ పెట్టెలో పుల్లలు గలగలలాడి మొనలు ఒకదానినొకటి కొరుక్కొన్నాయి. అడుగున ఉన్నిగుడ్డ పరిస్తే మూత పడలేదు. గట్టి ప్లాస్టిక్ కళ్ళజోడు పెట్టె ఫరవాలేదు గాని, కావలసిన పుల్ల కోసం అన్నిటినీ కెలకాలి. జిప్పు ఉన్న నైలాను పెన్సిలు సంచి చవక, చెమ్మ పీల్చదు. తొందరపడేవారు అదే కొనుక్కోండి. నాకు మాత్రం విప్పి బల్లమీద పరిస్తే ప్రతి పుల్లా తన అరలో కనిపించే గుడ్డచుట్ట కావాలనిపించింది. మంగలి పొది అంటామే, అటువంటిది. అమ్ములపొదిలో ఉన్నదీ ఆ మాటే. ఇంత చక్కని మాట చేతిలో పెట్టుకొని 'కేసు', 'పౌచ్' అంటూ తిరిగాను నాలుగు దుకాణాలు!

ఇంతవరకు ఉక్కు సంగతి. ఇక వ్రాయడానికి కొంచెం కష్టంగా ఉన్న సంగతి.

"తోలుది కాకుండా కావాలి" అని నేను అడగగానే ఒక దుకాణదారు ఎంతో గౌరవంగా, "పూజగదిలో పెట్టుకోవడానికాండీ?" అన్నాడు. 'అవును' అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అంటే గౌరవం పెరుగుతుంది, బేరం తగ్గుతుంది. మిత్రులారా, తోలు వద్దు అన్న మాట మన ఊళ్ళలో వట్టి మాట కాదు. దాని వెనుక ఒక వాసన ఉన్నది, అది తోలు వాసన కాదు. నా చిన్నతనంలో మా మెట్ట ఊరి ఇంట్లో తోలు పర్సుతో వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. అదే ఇంటి తోటకు నీరు తోడినది మోటబావి తోలుబాన. ఆ నీటితో పండిన వంకాయలకు మడి అడ్డు రాలేదు. గుడిలో మృదంగానికీ రాలేదు. ఆ బాన కుట్టినవాడికి మాత్రం అడ్డు వచ్చింది. బడిలో జాషువాగారి గబ్బిలం ఏళ్ళ తరబడి చెప్పినవాడిని నేను. ఆ కావ్యంలోని అరుంధతీసుతుడు చెప్పులు కుట్టి బ్రతికేవాడే. పాఠం చెప్పేటప్పుడు గొంతు గద్గదమయ్యేది. గొంతు గద్గదం కావడం సులువు, దుకాణంలో 'అవును' అనకుండా ఉండడమే కష్టమని ఆనాడు తెలిసింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఉక్కు పాడవుతుందని తోలు మానినవాడు ఆ మాటే చెప్పాలి. జీవహింస గిట్టక మానినవాడు అదే చెప్పాలి, అతనికి నా నమస్కారం. ఈ రెండింటి నీడలో మడిని దాచడం మాత్రం తగదు. వస్తువుకు మైల ఉన్నదనేవారు మృచ్ఛకటికంలో శర్విలకుని తలచుకోవాలి. కొలతత్రాడు మరచిపోయి, కన్నం కొలవడానికి మెడలోని జందెం తీసిన బ్రాహ్మణుడతడు. పైగా జందెం ఎన్ని విధాల పనికివస్తుందో వివరిస్తాడు. వాటిలో గడియ వేసిన తలుపు తెరవడం కూడా ఒకటి!

చివరకు ముతక కాన్వాసు గుడ్డ కొని, గంజి పోయేదాకా ఉతికి ఆరవేసి దర్జీ దగ్గరకు తీసికొని వెళ్ళాను. నాలుగు మడతలమీద సూది విరిగింది. బస్టాండు మలుపులో చెప్పులు కుట్టే అతని దగ్గరకు వెళ్ళమన్నాడు దర్జీ. వెళ్ళాను.

అతడు పుల్లలు అటూ ఇటూ త్రిప్పి చూసి, "ఇవేంటండీ మాస్టారూ, పళ్ళ డాక్టరు గారివాండీ?" అన్నాడు. సంగతి చెప్పాను. నవ్వాడు. "తోలుతో కుడితే పదేళ్ళుంటదండీ, గుడ్డెందుకండీ?" అన్నాడు తరువాత. జవాబు సిద్ధంగా ఉండి కూడా ఒక్క క్షణం తడబడ్డాను. ఆ తడబాటు అతడు చూశాడో లేదో తెలియదు. తోలులో పెడితే ఇనుము నల్లబడిందని చెప్పి మచ్చలు చూపించాను. "అది నిజమేనండీ" అని తన ఆరె తీసి చూపించాడు. దానిని చుట్టి ఉంచినది నూనెగుడ్డ. తోళ్ళ మధ్య బ్రతుకంతా గడిపినవాడు తన ఉక్కును తోలులో పెట్టుకోలేదు!

అప్పటిదాకా అతడు నన్ను 'మీరు' అంటుంటే నేనతనిని 'నువ్వు' అంటున్నానని అప్పుడు గమనించాను. "మీరెంత తీసికొంటారు?" అని అడిగాను. వింతగా చూశాడు గాని, ధర మాత్రం తగ్గించలేదు.

సాయంత్రానికి పొది సిద్ధమైంది. మైనం పట్టించిన దారంతో ఆరె కుట్టు. పుల్లలను కుట్టుమిషను నూనెతో తుడిచి పెడుతున్నాను. ఈ వానాకాలం గడిస్తే గాని ఫలితం తెలియదు. అరలు లెక్కపెడితే పదిహేను ఉన్నాయి. ఒకటి ఎక్కువ కుట్టారేమని అడిగితే, "రేపింకోటి కొనరాండీ మీరు?" అన్నాడు.