మెట్టపొలమునకు రేగు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో రేగుచెట్టు నెరుగని బాలుడుండడు. చెరువుగట్టున, డొంకదారిని, కొండవాలున అది తనంత తానే మొలచును. భోగినాడు పసిపిల్లల తలలపై పోయుటకు దాని పండ్లే కావలెను. పండుగ దాటినచో దానిని తలచువారు లేరు. ముండ్లకొమ్మలను నరికి కంచె వేయుదురు, అంతే. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదను సామెత ఈ చెట్టు విషయమున నిజమైనది.

ఈ జిల్లాలలో వర్షము మిక్కిలి తక్కువ కాదు. కాని అది కొన్ని నెలలలోనే కురిసి, వాగుల వెంట సముద్రమున కలియును. వంశధార, నాగావళి నీరందని మెట్టభూములకు వానయే దిక్కు. అది తప్పిన యేట ఎన్నో కుటుంబములు కూలికై దూరపు పట్టణములకు వలసపోవును. ఇట్టి భూమికి కొద్దినీటితో బ్రతుకు చెట్టు కావలెను. రేగు అట్టిదే. దాని తల్లివేరు లోతునకు దిగి తేమను వెదకికొనును. వేసవిలో ఆకు రాల్చి విశ్రమించును. తొలకరికి చిగిర్చి, వానలు వెనుకబట్టు వేళ పూచి, చలికాలమున పండును.

నాటురేగు పండు చిన్నది, గింజ పెద్దది. దానికి బజారున వెల రాదని కొందరందురు. అది నిజమే. కాని నాటుమొక్కపై మేలుజాతి మొగ్గను అంటుకట్టినచో పెద్దవియు తియ్యనివియు నగు పండ్లు కాయును. రాజస్థాన్, హర్యానా, గుజరాత్ రైతులు గోలా, సేబ్, ఉమ్రాన్ అను జాతులను ఇట్లే పెంచుచున్నారు.

అయినను మొక్క నాటిన మాత్రమున ధనము రాదు. క్రొత్తకొమ్మలపైననే కాపు వచ్చును గనుక ఏటేట వేసవిలో కొమ్మలు కత్తిరింపవలెను. పండుఈగ నుండి, బూడిదతెగులు నుండి కాపాడవలెను. పండిన పండు కొద్దిదినములకు మించి నిలువదు. ఆ తొందరలో రైతు దళారి చెప్పిన వెలకే లొంగిపోవును. కావున పండ్లను ఎండబెట్టుట, వడియములు పెట్టుట వంటి చిన్న పరిశ్రమలు ఊరిలోనే ఉండవలెను.

ఇందుకు నిదర్శనము శ్రీకాకుళం జిల్లాలోనే కలదు. పోర్చుగీసువారితో సముద్రములు దాటి వచ్చిన జీడిమామిడి పలాసకు పేరు తెచ్చినది. పిక్కలను ఒలిచి పప్పు తీయు కార్ఖానాలు అక్కడ వెలసినందుననే ఆ పేరు వచ్చినది గాని, చెట్టువలన మాత్రమే కాదు. పరదేశపు చెట్టునకు దక్కిన శ్రద్ధ స్వదేశపు చెట్టునకు దక్కకుండుట న్యాయమా?

ఆ పలాస చెంతనే 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరము దాటినపుడు ఉద్దానమున జీడి, కొబ్బరి తోటలు నేలకూలినవి. ఒక్క పంటనే నమ్ముకొనరాదని ఆ దినము నేర్పినది. కనుక రేగునైనను పొలమంతయు నాటనక్కరలేదు. ఎడముగా వరుసలు నాటి, నడుమ ఉలవలు, చోళ్లు పండించుకొనవచ్చును.

భోగినాడు దోసెడు పండ్లకై ఆ చెట్టు క్రిందికి పరుగెత్తు బాలబాలికలు అంటుకట్టు విద్యను కూడ నేర్చినచో, ఆ చెట్టు పండుగకే కాక బ్రతుకుదెరువునకును అక్కరకు వచ్చును.